పాల పరీక్ష యంత్రానికి వేరిస్టరు రక్షణ

ఉదయం పాలు పోసే వేళ కరెంటు పోయి వస్తుంది. ఆ క్షణంలోనే పాల పరీక్ష యంత్రం పాడవుతుంది. వెన్న శాతం తెలియనిదే పాలకు ధర కట్టలేము. యంత్రం బాగయి వచ్చేవరకు సంఘానికి ఖర్చు, సభ్యులకు అనుమానం. ఈ నష్టాన్ని చాలావరకు తప్పించే చిన్న వస్తువును గురించి ఇక్కడ వివరిస్తున్నాము.

మన సంఘాలకు వచ్చే కరెంటు 230 వోల్టులు. సమీపంలో పిడుగు పడినా, కూలరు కంప్రెసరు వంటి పెద్ద మోటారు ఆగినా, లైనులో వోల్టేజి రెప్పపాటుకన్నా తక్కువ కాలం వందల, ఒక్కొక్కప్పుడు వేల వోల్టులకు ఎగురుతుంది. ఎలక్ట్రానిక్ యంత్రంలోని సున్నితమైన భాగాలు ఆ దెబ్బకు తట్టుకోలేవు.

వేరిస్టరు రెండు కాళ్లున్న చిన్న బిళ్ల. జింకు ఆక్సైడు పొడిలో బిస్మతు వంటి లోహాల ఆక్సైడులు కొద్దిగా కలిపి, పింగాణీవలె కాల్చి చేస్తారు. ఇది చెరువుకు అలుగు వంటిది. నీరు మట్టానికి లోబడి ఉన్నంతసేపు అలుగు పారదు. మట్టం దాటితే ఎక్కువైన నీటిని వదలి కట్టను కాపాడుతుంది. వేరిస్టరు కూడా మామూలు వోల్టేజి వద్ద కరెంటును దాదాపు పారనివ్వదు. హద్దు దాటగానే దారి ఇచ్చి, ఆ ఉప్పెనను యంత్రంలోనికి పోకుండా తనగుండా మళ్లిస్తుంది. వోల్టేజి తగ్గగానే మళ్లీ మూసుకుంటుంది.

దీనిని ఫ్యూజు తరువాత, ఫేజుకు న్యూట్రలుకు మధ్య కలపాలి. 230 వోల్టుల లైనుకు సాధారణంగా 275 వోల్టుల ఏ.సి. రకం వాడతారు. దానిపై 431 అనే అంకె ఉంటుంది. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియను చేతనే చేయించాలి.

కొన్ని జాగ్రత్తలు మరువరాదు. న్యూట్రలు తెగి 400 వోల్టుల వరకు వచ్చి అలాగే నిలిస్తే, వేరిస్టరు వేడెక్కి కాలిపోతుంది. అందుకే ముందు ఫ్యూజు తప్పనిసరి. ఎక్కువ వోల్టేజికి లైనును తెంచే కటాఫ్ గల స్టెబిలైజరు వేరుగా ఉండాలి. ప్రతి దెబ్బకు వేరిస్టరు కొంత బలహీనపడుతుంది. నల్లబడినా, పగిలినా వెంటనే మార్చాలి. నేరుగా పడే పిడుగును ఇది ఆపలేదు. ఉరుములప్పుడు ప్లగ్గు తీసివేయడమే మేలు.

యంత్రం ఆగినా పాల సేకరణ ఆగకుండా గెర్బరు పరీక్ష సామగ్రిని సిద్ధంగా ఉంచుకోండి. మీ సంఘంలో ఈ రక్షణ ఉన్నదో లేదో రాబోయే సమావేశంలో కార్యదర్శిని అడిగి తెలుసుకోవలసిందిగా సభ్యులను కోరుతున్నాము.