ఇసుకలో బ్రతికిన ద్రాక్షతోట

ఫ్రాన్సు దేశమునకు దక్షిణమున, రోన్ నది మధ్యధరా సముద్రమున గలియుచోట, కమార్గ్ అను లంకభూమి కలదు. దాని పడమటి కొసను ఏగ్‌మోర్త్ అను ప్రాకారపట్టణమున్నది. ఆ పేరునకు మృతజలములని యర్థము. 1248వ సంవత్సరమున తొమ్మిదవ లూయీ రాజు క్రూసేడు యుద్ధమునకై ఓడ నెక్కినది ఈ రేవుననే. పట్టణము చుట్టును ఉప్పుమళ్లు, చవిటి మడుగులు, ఇసుకదిబ్బలు వ్యాపించియున్నవి. ఈ ఇసుకలోనే జర్రాస్ అను పేరుగల ప్రసిద్ధమైన ద్రాక్షక్షేత్ర మున్నది. మద్యపానమును పొగడుట ఈ వ్యాసమున కుద్దేశము గాదు. పనికిరాదని విడిచిన నేల యొక యాపత్కాలమున కర్షకునకెట్లు శరణ్యమయ్యెనో తెలుపుటయే మా తలంపు.

ఆ యాపద యొక పురుగు రూపమున వచ్చెను. ఫిలోక్సెరా యనునది పేనుబంకకు దగ్గరి జాతికి జెందిన మిక్కిలి చిన్న కీటకము. ఉత్తర అమెరికానుండి తెచ్చిన తీగలతోపాటు ఇది ఫ్రాన్సులో ప్రవేశించెను. 1863 ప్రాంతమున గార్ మండలములోని తోటలు కారణము తెలియకయే ఎండసాగెను. 1868లో మాంపెలియె నగర శాస్త్రజ్ఞుడు ప్లాంషాన్, ఆయన సహచరులు వేళ్లను త్రవ్వి చూచి పురుగును కనుగొనిరి. ఇది వేరునంటి రసము పీల్చును. వేరు బుడిపెలు గట్టి క్రుళ్లును, ఆకులు పసుపువారును, కొలది యేండ్లలో తీగ చచ్చును. 1875లో ఆ దేశమున సుమారు 8 కోట్ల 40 లక్షల హెక్టోలీటర్ల ద్రాక్షాసవము తయారుకాగా, 1889 నాటికది 2 కోట్ల 30 లక్షలకు దిగెను. హెక్టోలీటరనగా నూరు లీటర్లు. మందు కనిపెట్టినవారికి ప్రభుత్వము 3 లక్షల ఫ్రాంకుల బహుమానము ప్రకటించెను గాని, అది యెవరికిని దక్కలేదు.

ఇట్లుండగా సముద్రపుటొడ్డున ఇసుకలోని తీగలు మాత్రము పచ్చగా నిలుచుట కొందరు గమనించిరి. దీనికి కారణమేమి? బంకనేల వేసవిని బీటలువారును. ఆ బీటలవెంట పురుగు ఒక వేరునుండి మరియొక వేరునకు సులభముగా ప్రాకును. శుద్ధమైన ఇసుక బీటలువారదు. రేణువులు ఎప్పటికప్పుడు జారి సందులను పూడ్చుటచే పురుగునకు దారి దొరకదు. కావుననే ఇచ్చటి తీగలను అంటుకట్టకయే సొంతవేళ్లమీద పెంచగలిగిరి.

1856లో నేర్పడిన మిడి ఉప్పుకొఠారుల కంపెనీ ఈ సంగతి గ్రహించి, 1880 తరువాత తన వశమందలి ఇసుకభూములలో విస్తారముగా ద్రాక్ష నాటించెను. జర్రాస్ క్షేత్రము వానిలో నొకటి. ఉప్పు పండించినవారే ద్రాక్షను పండించుట వింతగదా! అయినను పని సులభము గాదు. మిస్ట్రాల్ అను ఉత్తరపు గాలి ఇసుకను లేపి లేతచిగుళ్లను కొట్టివేయును. దీనిని ఆపుటకు తుంగజాతి గడ్డిని వరుసలనడుమ ఇసుకలోనికి గ్రుచ్చిరి; శీతకాలమున ధాన్యపుపైరు చల్లి నేలను కప్పిరి; గొఱ్ఱెలను మేపి వాని యెరువును నేలకందించిరి. ఇసుకలో సారము తక్కువగాన ఎరువు విడువకుండ వేయవలసియుండెను.

నీటి విషయము మరింత సూక్ష్మమైనది. ఇసుకక్రింద లోతున నున్నది ఉప్పునీరు. వాననీరు, నదీజలము తేలికయగుటచే దానిపై పొరవలె తేలుచుండును. తీగ ఈ మంచినీటి పొరనే త్రాగి బ్రతుకును. ఆ పొర పలుచనైనచో ఉప్పు పైకి వచ్చును. అందుచేత కాలువలద్వారా మంచినీటిని నిలుపుచు, మురుగును తీయుచుందురు. మన చీరాల, బాపట్ల ప్రాంతములలో దొరువులు త్రవ్వి సేద్యము చేయు రైతులకీ సంగతి క్రొత్త గాదు. దొరువును మితిమీరి తోడినచో నీరు ఉప్పనగుట వారెరుగుదురు.

ఇచ్చటి ద్రాక్షాసవము లేత గులాబివర్ణము గలది. దీనిని గ్రి, అనగా బూడిదవన్నెది, అందురు. సామాన్యముగా ద్రాక్షరసమునకు రంగుండదు; రంగు తోలునందుండును. పండ్లను కోసినవెంటనే పిండి తోలును వేరుచేయుటచే రసమునకు కొద్దిపాటి రంగే అంటును. గ్రెనాష్ గ్రి యను తోలు లేతవర్ణపు రకము దీనికి ముఖ్యమైనది. క్షేత్రము తరువాత చేతులు మారినను, ఇసుకసేద్యము నిలిచెను. 2023లో ఫ్రెంచి ప్రభుత్వము "కమార్గ్ ఇసుక" అను స్థలనామమును ఈ ద్రాక్షాసవమునకు ప్రత్యేకించి గుర్తించెను.

అయితే ఇసుకభూమి లేని చిన్నరైతు గతి యేమి? అమెరికా తీగల వేళ్లు పురుగును తట్టుకొనునని తేలినందున, వానిపై స్వదేశపు రకములను అంటుకట్టి మరల తోటలు వేసిరి. దీనికి అప్పు కావలసివచ్చెను. తోటలు తిరిగి కాపునకు వచ్చుసరికి సరకు విస్తారమై, పంచదార కలిపిన కల్తీ కూడ తోడై, 1900 తరువాత ధర కూలెను. 1907లో లక్షలాది జనులు వీధులకెక్కగా కల్తీని అరికట్టు చట్టము వచ్చెను. అంతకు ముందే, 1901లో, మరోసాన్ గ్రామపు చిన్నరైతులు సహకారసంఘముగా నేర్పడి, తమ సరకును పారిస్ నగర కార్మికుల వినియోగదారుల సంఘములకు నేరుగా అమ్మసాగిరి. 1905 నాటికి ఉమ్మడి గిడ్డంగియు కట్టుకొనిరి.

పురుగునుండి తోటను కాపాడినది ఇసుక, అంటు. ధరలు కూలినప్పుడు రైతును కాపాడుటకు ఈ రెండును చాలలేదు. కంపెనీకి మూలధనము కలదు గాన ఇసుకదిబ్బలను తోటలుగా మార్చగలిగెను. మూలధనము లేనివానికి తోడివారే మూలధనము. తన నేల గుణమును తానెరుగుట, నీటిని మితముగా వాడుట, పండినదానిని కలిసి అమ్ముట అను మూడును విడివిడిగా గాక ఒక్కటిగా నడచిననే సేద్యము నిలుచునని కర్షకసోదరులు గమనింపగోరుచున్నాము.