జీపు చేయు చప్పుడు, దాని యర్థము

బడి సంచికలో బండి మరమ్మతును గూర్చిన వ్యాసమేల యని తల్లిదండ్రులలో కొందరికి తోచవచ్చును. మా సంఘమువారి పాఠశాలకు వచ్చు పిల్లలలో కొండయూళ్లవారు జీపులోనే రావలసియున్నది. మీలో పలువురు అట్టి బండ్లను స్వయముగా నడుపుకొనుచున్నారు, కొందరు అద్దెకు కుదుర్చుకొనుచున్నారు. గడచిన వర్షకాలములో కోరాపుట్ నుండి జయపురమునకు దిగు ఘాటులో మా జీపు మమ్ము మిక్కిలి భయపెట్టినది. ఆ సంగతియు, దానివలన మేము నేర్చుకొన్నదియు ఇచ్చట వ్రాయుచున్నాము.

ఆనాడు వాన కురియుచుండగా డ్రైవరు ఫోర్ వీల్ లివరు వేసికొని బయలుదేరినాడు. సగము దారిలో వాన వెలిసి తారురోడ్డు ఆరినది. లివరు మాత్రము అట్లే యున్నది. ఒక గట్టి మలుపులో స్టీరింగు బిగుసుకొని, అడుగున టంగుమని దెబ్బవంటి చప్పుడు పుట్టి, ముందు చక్రములు రోడ్డుపై గెంతినవి. బండిలో పిల్లలున్నారు. బండి నాపి లివరు లాగినను రాలేదు. తరువాత ఒక షెడ్డువారు ఈ కథ విని, బండి క్రిందికి వంగియైనను చూడక, ట్రాన్స్‌ఫర్ కేసు పోయినదనిరి. విప్పి లోపలి పళ్లచక్రములు మార్చుటకు వారిచ్చిన అంచనా, పిల్లల పుస్తకములకై మేము కూర్చుకొన్న సొమ్మును మించియున్నది.

అది నిజముగా చెడినదా, లేక మనమే దానిని బిగించితిమా? ఈ ప్రశ్నకు జవాబు తెలియవలెనన్న బలము చక్రములకు పోవు దారి తెలియవలెను. ఇట్టి జీపులో ఇంజను బలము గేరుబాక్సు నుండి ట్రాన్స్‌ఫర్ కేసునకు వచ్చి, అచ్చటినుండి రెండు ప్రొపెల్లర్ షాఫ్టుల ద్వారా ముందు ఇరుసునకు, వెనుక ఇరుసునకు చేరును. లివరు వేసినప్పుడు ఈ రెండు షాఫ్టులును ఒకదానితో నొకటి బంధింపబడి ఒకే వేగముతో తిరుగవలసినదే. మలుపులో చిక్కు ఇదియే. ముందు ఇరుసు పెద్ద వలయములోను, వెనుక ఇరుసు చిన్న వలయములోను పోవును. ఇరుసుల నడుమ 2.4 మీటర్ల దూరముగల బండిని, వెనుక ఇరుసు నడిమి భాగము 5 మీటర్ల వ్యాసార్ధమున తిరుగునట్లు ఒక పూర్తి చుట్టు త్రిప్పితిమనుకొందము. వెనుక ఇరుసు 31.4 మీటర్లు పోవులోపల ముందు ఇరుసు 34.8 మీటర్లు పోవలెను. బంధింపబడిన షాఫ్టులు ఈ తేడాను ఒప్పుకొనవు.

బురదలోనో ఇసుకలోనో యైనచో చక్రము కొంచెము జారి ఆ తేడాను తీర్చుకొనును. ఆరిన తారురోడ్డు జారనీయదు. అప్పుడు తడిబట్టను రెండు కొసలు పట్టి పిండినట్లు షాఫ్టులు మెలిపడును; లోపలి పళ్లు ఒకదాని నొకటి నొక్కిపట్టి లివరును వదలవు. బిగువు మితిమీరినప్పుడు చక్రము గెంతి వదలించుకొనును. మేము వినిన దెబ్బ అదియే. దీనికి షెడ్డు అక్కరలేదు. బండిని తిన్నగా కొంతదూరము వెనుకకు నడిపినను, ఒక ప్రక్క చక్రములను రోడ్డంచున మట్టిలోనికి దింపినను మెలి వీడును. ముందు వెనుక ఇరుసుల నడుమ కూడ డిఫరెన్షియల్ గల బండ్లకు, అది తాళము పడియుండనంతవరకు, ఈ బాధ లేదు. మీది ఏ రకమో బండితో వచ్చిన పుస్తకములో చూచుకొనవలెను.

అయినను మా సందేహము పూర్తిగా తీరలేదు. ఏలయన మా జీపు తిన్నని దారిలో సైతము లివరు వేసిన కొంతసేపటికి బిగియుచుండెను. అప్పుడు బస్సుల వర్క్‌షాపులో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న ఒక విద్యార్థి తాతగారు సుద్దముక్కతో వచ్చిరి. టైర్లన్నిటికి తగిన గాలి పట్టించి, లివరు తీసి, ముందు టైరుమీదను దానికి సరిగా నేలమీదను గీత గీసి, బండిని 10 చుట్లు త్రోయించి కొలిచిరి. వెనుక టైరునకును అట్లే చేసిరి. ముందు టైరు 50 సెంటీమీటర్లు అదనముగా పోయినది! ముందు రెండు టైర్లు క్రొత్తవి, వెనుకవి అరిగినవి. డబ్బు మిగుల్చుటకు మేమే అట్లు వేయించితిమి. ఈ తేడా కిలోమీటరునకు 20 మీటర్లకు పైబడును. ఇక మలుపుతో పనియేమున్నది?

చప్పుళ్ల విషయమున తాతగారి పద్ధతి యొక్కటే. చప్పుడు ఎచ్చట పుట్టుచున్నదని వెదకుటకు ముందు, అది ఎప్పుడు మారుచున్నదో వినవలెను. బండి నిలిచి, గేరు లేకుండ ఇంజను తిరుగుచుండగా వచ్చు రొద క్లచ్చి త్రొక్కగనే ఆగినచో గేరుబాక్సు ముందు బేరింగును అనుమానింపవలెను. ముందుకు గేరు వేసినప్పుడును, రివర్సు వేసినప్పుడును టక్కుమన్నచో షాఫ్టు క్రాసును పట్టి ఊపి చూడవలెను. పరుగులో వచ్చు హోరు ఎడమకు త్రిప్పినప్పుడు పెరిగినచో కుడి చక్రపు బేరింగుమీద అనుమానము, ఏలయన బరువు ఆ ప్రక్కకు పోవును. రోడ్డు మారగనే మారు హోరు టైరుది. యాక్సిలరేటరుపై కాలు వేసినప్పుడో, ఎత్తినప్పుడో మాత్రము ఈలవలె కూసిన, అది క్రౌన్ పినియన్ కూత యగుట తరచు. లివరు తీసినను బండి బరువుగా లాగుచున్నచో చక్రముల దగ్గర చేయి ఆనించక వేడి చూడవలెను. ఒకటి మాత్రమే కాలుచున్న, అచ్చటి బ్రేకో బేరింగో పట్టుచున్నదన్నమాట.

జాకీ ఎత్తి చూచువారికి ఒక హెచ్చరిక. పాత జీపులు కొన్నింటిలో చేతిబ్రేకు చక్రములను గాక వెనుక షాఫ్టును పట్టును. వెనుక చక్ర మొకటి లేచిన వెంటనే, డిఫరెన్షియల్ మూలమున ఆ బ్రేకు బండిని నిలుపజాలదు. నేలనున్న చక్రములకు ఇరువైపుల రాళ్లు పెట్టకుండ జాకీని ముట్టరాదు.

ఈ పరీక్షలలో మా జీపునకు నిజమైన జబ్బు కూడ బయటపడినది. కాలు ఎత్తినప్పుడు వెనుక హౌసింగులో కూత. నూనె దింపి చూడగా ఉక్కు రజను మెరసినది. ఆ నూనె పాలవలె తెల్లబడియున్న నీరు చేరినదని యర్థము. వాగులు దాటు బండ్లకు అదియు గలదు, మాకు మాత్రము లేదు. షెడ్డువారు విప్పుదమన్న పెట్టె బాగుగనే యున్నది, విప్పవలసినది వేరొకటి.

నాలుగు టైర్లును ఒకే రకమువి వేయించితిమి. క్రౌన్ పినియన్ మార్చువరకు జీపును ఘాటునకు పంపుట మానితిమి. కొండయూళ్ల పిల్లలు అంతవరకు బస్సు దిగి నడచి వచ్చుచున్నారు. మొదటి గంట దాటి వచ్చినను వారికి గైరుహాజరు వేయవలదని ఉపాధ్యాయులను కోరియున్నాము.