చుక్కలో దాగిన అడవి



"మీది ఏ ఊరు?" అని అడిగితే మనలో చాలామందిమి కాసేపు ఆలోచిస్తాం. పుట్టింది ఒకచోట, చదివేది మరోచోట. బదిలీ ఉత్తర్వు వచ్చిన ప్రతిసారీ సామాను సర్దుకుంటాం. మరి పెట్టెలో పట్టనివాటిని ఎలా తీసుకెళ్లాలి? చిత్రకారుడు సయ్యద్ హైదర్ రజా జీవితంలో ఇందుకు ఒక జవాబు దొరుకుతుంది.

రజా 1922లో నేటి మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లాలో పుట్టారు. తండ్రి అటవీశాఖ ఉద్యోగి. చుట్టూ దట్టమైన అడవి. రాత్రి చీకటి పడితే ఆ పిల్లవాడికి భయం, తెల్లవారితే ధైర్యం. బడిలో అతని మనసు నిలిచేది కాదు. ఒకరోజు ఉపాధ్యాయుడు గోడమీద చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నారు.

రజా 1950లో ఫ్రాన్స్ వెళ్లి, దాదాపు అరవై ఏళ్లు అక్కడే ఉన్నారు. మొదట్లో ఆయన చిత్రాల్లో ఇళ్లు, చెట్లు గుర్తుపట్టేలా ఉండేవి. నూనె రంగులు మందంగా పూయడం మొదలుపెట్టాక ఆ ఆకారాలు క్రమంగా రంగుల్లో కరిగిపోయాయి. 1962లో అమెరికాలో పాఠాలు చెప్పడానికి వెళ్లి, అక్కడి చిత్రకారుల కొత్త పద్ధతులు చూశారు. తర్వాత యాక్రిలిక్ రంగులకు మారారు. నూనె రంగు ఆరడానికి రోజులు పడుతుంది. యాక్రిలిక్ త్వరగా ఆరుతుంది కాబట్టి కుంచె వేగంగా కదలవచ్చు, ఒక రంగుపై మరో రంగు వెంటనే వేయవచ్చు. అలా చెట్టు రూపం పోయి అడవిలోని వేడి, చీకటి, వెలుగు మిగిలాయి. రూపాన్ని వదిలి అనుభూతిని పట్టుకునే ఇలాంటి కళనే నైరూప్య చిత్రకళ అంటాం.

ఆ తర్వాత చిన్ననాటి చుక్క కూడా పెద్ద నల్లని వృత్తమై ఆయన చిత్రాల్లోకి వచ్చింది. దానికి 'బిందు' అని పేరు. ఆయనకు అది సృష్టి అంతటికీ విత్తనం. 1981లో వేసిన 'మా' చిత్రంపై అమ్మను ఉద్దేశించిన ఒక హిందీ కవితా పాదాన్ని దేవనాగరిలో రాశారు. ముప్పై ఏళ్లు ఫ్రాన్స్‌లో ఉన్నా అమ్మతో మాట్లాడాలంటే ఆయనకు చిన్ననాటి భాషే కావలసి వచ్చింది.

రజా 2010లో భారతదేశానికి తిరిగి వచ్చారు. 2016లో ఢిల్లీలో కన్నుమూశారు. మండ్లాలో, తండ్రి సమాధి పక్కనే ఆయనను ఖననం చేశారు.

ఈ వారం మనమూ ఒక పని చేద్దాం. ఇప్పుడున్న ఊళ్లో ఒక చెట్టునో, చెరువునో రోజూ పది నిమిషాలు చూద్దాం. తర్వాత దాని ఆకారం గీయకుండా మూడే రంగులతో కాగితం మీద పెడదాం. ఆ కాగితం వెనుక ఊరి పేరు తెలుగులో రాసి దాచుకుందాం. వచ్చే బదిలీకి అది మనతోపాటే వస్తుంది.