మైలురాళ్ళు నేర్పిన చదువు

ఉద్యోగరీత్యా తెలుగునాటి నుండి వచ్చి హౌరాలో స్థిరపడిన కుటుంబాలకు భాషల కొదవ లేదు. ఇంట తెలుగు, బజారులో బెంగాలీ, కార్ఖానాలో హిందీ, కాగితం మీద ఇంగ్లీషు. మొదటి మూడింటిని మనకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తల్లి ఒడిలో ఒకటి, చేపల బజారులో ఒకటి, తోటి కార్మికుల నడుమ ఒకటి వాటంతట అవే అలవడినవి. నాలుగవదాని కోసం మాత్రం పుస్తకాలు కొంటున్నాము, పిల్లలను ట్యూషన్లకు పంపుతున్నాము. అయినప్పటికీ ఆఫీసు సర్క్యులరులోనో, ఇంగ్లీషు దినపత్రిక సంపాదకీయంలోనో ఒక బరువైన మాట ఎదురైతే ఆగిపోతున్నాము.

పోటీపరీక్షలకు చదివే యువకులు కఠిన పదాల పట్టికలను తెచ్చుకొని, ఒకవైపు పదము, మరొకవైపు అర్థము పెట్టుకొని వల్లె వేయడం ప్రతి ఇంటా చూస్తున్నదే. పరీక్ష అయిన కొద్ది రోజులకే ఆ మాటలు చెదిరిపోవడం కూడా చూస్తున్నదే. లోపం వారి జ్ఞాపకశక్తిలో లేదు. మాటను దాని చోటు నుండి పెరికి తెచ్చి, వేళ్ళు లేకుండా నాటడంలోనే ఉన్నదని మా అభిప్రాయం. మాట ఏ విధంగా నాటుకొంటుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. అందుకు చక్కని ఉదాహరణ హౌరాకు వచ్చే ఒక పాత బాట మీదనే జరిగినది.

సాల్కియా బాట మీద ఒక బాలుడు

అది 1828వ సంవత్సరం. మేదినీపూర్ ప్రాంతంలోని బీర్‌సింహా గ్రామం నుండి ఎనిమిదేళ్ళ బాలుడు తండ్రి వెంట కాలినడకన కలకత్తాకు బయలుదేరినాడు. అతడే తరువాతి కాలంలో వంగదేశం ఈశ్వరచంద్ర విద్యాసాగరునిగా కొలిచిన మహనీయుడు. సియాఖాలా దగ్గర సాల్కియాకు పోయే రహదారి ఎక్కగానే, బాట పక్కన మసాలా నూరే సన్నికల్లు వంటి రాయి ఒకటి పాతి ఉండడం అతని కంట బడినది. ఇదేమిటని తండ్రిని అడిగినాడు. ‘మైల్‌స్టోన్’ అని తండ్రి నవ్వుతూ చెప్పినాడు. మైలు అంటే అరక్రోసు అనియు, ప్రతి మైలుకు ఒక రాయి ఉంటుందనియు, కలకత్తా ఇంకెంత దూరమో దాని మీద ఇంగ్లీషు అంకెలలో చెక్కి ఉంటుందనియు వివరించినాడు. ఆ రాతి మీద ఉన్న సంఖ్య 19.

బాలుడు రెండు అంకెలనూ వేలితో తడిమి, ఇది ఒకటి, ఇది తొమ్మిది అని పోల్చుకొన్నాడు. అక్కడి నుండి ప్రతి రాయీ ఒక పాఠమే. పద్దెనిమిది, పదిహేడు, పదహారు అంటూ పదవ మైలురాయి దగ్గరకు చేరేసరికి ఇంగ్లీషు అంకెలన్నీ అతనికి వచ్చివేసినవి. తండ్రి పరీక్షింపదలచి, తొమ్మిది, ఎనిమిది, ఏడు అడిగిన తరువాత ఆరవ రాయి కంటబడకుండా దాటించి, అయిదవ రాయి చూపి ఇదెంత అని అడిగినాడు. ఇది ఆరు కావలసినది, పొరపాటున అయిదు చెక్కినారు అని బాలుడు బదులు చెప్పినాడు. తన స్వీయచరిత్రలో విద్యాసాగరులే వ్రాసుకొన్న ఉదంతమిది.

ఈ కథను పిల్లల మేధాశక్తికి తార్కాణంగా చెప్పుకోవడం పరిపాటి. మేము మాత్రం ఇందులో మూడు సూత్రాలు చూస్తున్నాము. మొదటిది, మాటను అది నిలిచి ఉన్న చోటనే నేర్చుకోవడం. రెండవది, తెలిసినదాని సాయంతో తెలియనిదానిని విడదీయడం. మూడవది, వరుసను తప్పించి పరీక్షించుకోవడం. మైలురాయి నేర్పిన ఈ చదువు కఠినపదాలకు సైతం చక్కగా సరిపోతుంది.

మాట నిలిచి ఉన్న చోటు

హౌరా స్టేషనునే తీసుకొందాము. అది టెర్మినస్, అనగా పట్టాలు అంతమయ్యే చోటు. లాటిన్‌లో ఈ మాటకు పొలిమేర అని అర్థం. పొలిమేర రాళ్ళను కాచే దేవతకు సైతం రోమనులు టెర్మినస్ అనియే పేరు పెట్టుకొన్నారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలును, ఒక కుటుంబమంతా మన ఇంటికి వస్తుంది. ‘టెర్మినేట్’ అంటే ముగించుట. ‘ఇంటర్మినబుల్’ అంటే అంతూ పొంతూ లేనిది. ‘డిటర్మిన్’ అంటే హద్దు గీసి నిర్ణయించుట. ‘ఎక్స్‌టర్మినేట్’ అంటే మొదట పొలిమేర దాటేటట్లు తరుముట, తరువాత సమూలంగా నాశనం చేయుట.

ఇక్కడ రైలెక్కి దక్షిణానికి వస్తే ఖరగ్‌పూర్ జంక్షను, ఇంకా దిగువకు వస్తే విజయవాడ జంక్షను. ‘జంక్షన్’లోని లాటిన్ ధాతువునకు కలుపుట అని అర్థం. సంస్కృతంలోని ‘యుజ్’ ధాతువు దీనికి తోబుట్టువే. యోగము, సంయోగము అందులో నుండి పుట్టినవే. ఎద్దుల మెడ మీది కాడిని సంస్కృతంలో ‘యుగము’ అంటారు, ఇంగ్లీషులో ‘యోక్’ అంటారు. ‘సబ్జుగేట్’ అనే మాటను చూచి జంకనక్కరలేదు. ఒకరిని కాడి కిందకు తెచ్చుట, అనగా లోబరచుకొనుట అని దాని అర్థం.

ప్రతి ఉదయం లోకల్ రైళ్ళలో వచ్చి హౌరాలో దిగే జనసందోహాన్ని ‘కమ్యూటర్లు’ అంటారు. ‘కమ్యూట్’ అంటే ఒకదానిని మరొకదానితో మార్చుట. పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికా రైళ్ళలో రోజువారీ ఛార్జీలకు బదులు ఒకేసారి తక్కువ మొత్తం చెల్లించి తీసుకొనే సీజను టికెట్టును ‘కమ్యూటేషన్ టికెట్’ అనేవారు. ఆ టికెట్టు గలవాడే కమ్యూటర్. ప్రభుత్వోద్యోగి పదవీ విరమణ చేసి, పింఛనులో కొంత భాగం వదులుకొని బదులుగా ఏకమొత్తం తీసుకొంటే అదీ కమ్యూటేషనే. ఉరిశిక్షను యావజ్జీవ శిక్షగా మార్చినా ‘కమ్యూట్’ చేసినారనే పత్రికలు వ్రాస్తాయి. రైలు పెట్టె, పింఛను కాగితం, న్యాయస్థానం ఈ మూడు చోట్లా ఉన్నది ఒకే మార్పిడి.

విడదీసి చూచుట

ఉపసర్గ చేరితే ధాతువు అర్థం మారిపోతుందని చిన్నప్పుడు చదువుకొన్నాము. ఆహారము, విహారము, సంహారము, పరిహారము వీటన్నింటిలో ఉన్నది ఒకే ధాతువు. ఇంగ్లీషు కఠినపదాలలో అధికభాగం లాటిన్, గ్రీకు ధాతువులకు ఇటువంటి ఉపసర్గలు చేరగా ఏర్పడినవే. ఈ కిటుకు తెలుగువారికి కొత్తది కాదు, వెన్నతో పెట్టిన విద్య.

హౌరా వంతెనను చూడండి. 1943 ఫిబ్రవరి 3న రాకపోకలకు తెరచిన ఈ వంతెన ప్రధాన విస్తారం 1,500 అడుగులు. రెండు గట్ల నుండి 468 అడుగుల చొప్పున రెండు బాహువులు నది మీదకు చాచుకొని వచ్చి, నడుమ 564 అడుగుల భాగాన్ని మోస్తున్నవి. ఆ నడిమి భాగాన్ని ఇంజనీర్లు ‘సస్పెండెడ్ స్పాన్’ అంటారు. ‘పెండ్’ అంటే వ్రేలాడుట. ‘సస్పెండ్’ అంటే పైనుండి వ్రేలాడదీయుట. సస్పెన్షనులో ఉన్న ఉద్యోగి పరిస్థితి కూడా అదే గదా! ఉద్యోగం ఉన్నట్టూ కాదు, పోయినట్టూ కాదు. ‘పెండింగ్’ ఫైలు బల్ల మీద వ్రేలాడుతున్న ఫైలు. ‘డిపెండెంట్’ ఒకరిని పట్టుకొని వ్రేలాడేవారు. ‘ఇంపెండింగ్’ నెత్తి మీద వ్రేలాడుతూ నేడో రేపో పడనున్నది. ‘పెండ్యులం’ సంగతి చెప్పనక్కరలేదు.

పెండింగులో ఉన్న ఫైలు కదలాలని వ్రాసే ప్రతి ఉత్తరంలోనూ ‘ఎక్స్‌పిడైట్’ అనే మాట ఉంటుంది. ఇందులో ‘పెడ్’ అంటే పాదము. సంస్కృత ‘పాద’ శబ్దానికి ఇది దాయాదియే. చిక్కుకొన్న కాలిని బయటకు తీయుట ‘ఎక్స్‌పిడైట్’, కాళ్ళకు అడ్డుపడుట ‘ఇంపీడ్’. వంతెన మీద నడిచిపోయేవాడు ‘పెడెస్ట్రియన్’. ఈ మూడింటినీ ఒకచోట చేర్చి చూచినవాడు వాటిని మరువమన్నా మరువడు.

అర్థం తెలియకపోతే ప్రమాదం

కఠినపదాల అభ్యాసం కేవలం పరీక్షలకో, గొప్పలకో అని తలచేవారికి ఒక మనవి. మన కార్ఖానాలలోని డ్రమ్ముల మీద, ట్యాంకర్ల మీద ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని వ్రాసి ఉండడం కద్దు. ‘ఇన్’ అనేది వ్యతిరేకార్థమని నేర్చినవారు, ఇది అంటుకోనిదని భావించే అవకాశమున్నది. నిజానికి ఇక్కడి ‘ఇన్’ వ్యతిరేకార్థకం కాదు. మంటలోనికి పోవునది, అనగా ఇట్టే అంటుకొనేది అని దాని అర్థం. ఇటువంటి భ్రమ ప్రాణాంతకమని గుర్తించియే, ‘ఫ్లేమబుల్’ అనే రూపాన్ని వాడవలెనని అగ్నిప్రమాద నివారణ నిపుణులు పట్టుపట్టినారు. రెండు మాటలకూ అర్థమొకటే. అంటుకోని వస్తువును ‘నాన్ ఫ్లేమబుల్’ అంటారు.

తెలుగులో మాత్రం ఇటువంటివి లేవా? ‘అమూల్యము’ అంటే విలువ లేనిది కాదు, విలువ కట్టలేనిది. ఇంగ్లీషులో ‘ఇన్‌వాల్యుబుల్’ సరిగ్గా ఇదే. ‘వాల్యూలెస్’ అంటే మాత్రం పనికిమాలినది.

అమెరికాలో అగ్నిప్రమాద బీమా కంపెనీలో పనిచేస్తూ భాషాశాస్త్రవేత్తగా పేరు గడించిన బెంజమిన్ లీ వోర్ఫ్ గుర్తించిన విషయం ఇక్కడ చెప్పుకోదగినది. పెట్రోలు నిండిన పీపాల దగ్గర కార్మికులు ఎంతో జాగ్రత్తగా ఉండేవారట. ‘ఎంప్టీ’, అనగా ఖాళీ అని పేరుపడిన పీపాల దగ్గర మాత్రం పొగ త్రాగడానికి వెనుదీసేవారు కారట. ఖాళీ పీపాలో పెట్రోలు లేకపోయినా దాని ఆవిరి ఉంటుంది, అది మరింత ప్రమాదకరం. ఒక తేలికపాటి మాటయే మనిషిని ఏమరపాటులో పడవేసినది. కనుక భద్రతా సూచనలలోని మాటలను అర్థం చేసుకోవడం ఇల్లాలి పట్ల, పిల్లల పట్ల మన బాధ్యత.

రెండు తలల మాటలు మరికొన్ని ఉన్నవి. ‘శాంక్షన్’ అంటే మంజూరు, అదే మాట దేశాల మధ్య ఆంక్ష. ‘ఓవర్‌సైట్’ అంటే పర్యవేక్షణ, అదే మాట మరొక చోట పరాకున జరిగిన లోపం. వీటికి నిఘంటువు రెండు అర్థాలూ ఇస్తుంది. ఏది తగునో చెప్పగలిగినది వాక్యం మాత్రమే.

సిగ్గుపడనక్కరలేదు

పరభాష నేర్చుకోవడంలో పెద్ద ఆటంకం బిడియం. నది ఆవలి గట్టున కలకత్తాలో 1798 నవంబరు 10న పుట్టిన ఒక ఆంగ్లేయుడు, 1817లో మద్రాసు చేరి, అటుపిమ్మట మన పండితుల దగ్గర శిష్యుడై తెలుగు నేర్చుకొన్నాడు. ఆయనే ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1852లో ఆయన నిఘంటువు వెలువడినది. ఆయన తండ్రి డేవిడ్ బ్రౌన్ ఫోర్ట్ విలియం కళాశాలకు ప్రోవోస్టుగా పనిచేసినారు. మైలురాళ్ళ మీద అంకెలు నేర్చిన బాలుడు 1841లో అదే కళాశాలలో ప్రధాన పండితునిగా చేరి, ఉద్యోగం చేసుకొంటూనే ఇంగ్లీషు సాధన చేసినారు. సంస్కృతంలో మహాపండితులై కూడా మరొకరి ముందు విద్యార్థిగా కూర్చొనుటకు ఆయన సంకోచింపలేదు.

ఆ ఇంగ్లీషు సైతం మన దగ్గర అప్పు చేసినదే. మన పందికొక్కు ఇంగ్లీషులో ‘బాండికూట్’ అయినది, ఆస్ట్రేలియాలోని మరొక జంతువుకు సైతం ఆ పేరే పెట్టినారు. కనుక అడిగి తెలుసుకోవడంలో చిన్నతనం లేదు.

ఇంటింటా చేయదగినది

మేము సూచించే పద్ధతి సులభమైనది, ఖర్చు లేనిది. వారానికి అయిదు మాటలు చాలును. వాటిని పట్టిక నుండి కాక, ఆ వారం మన చేతికి వచ్చిన కాగితాల నుండియే ఏరుకోవలెను. ఆఫీసు ఉత్తరువు, బ్యాంకు పత్రం, మందు సీసా మీది చీటీ, పిల్లల పాఠ్యపుస్తకం ఏదైనా సరే. మాటతో పాటు అది వచ్చిన వాక్యాన్ని కూడా నోటు పుస్తకంలో వ్రాసుకోవలెను. నిఘంటువులో ధాతువు చూచి, దాని బంధువులను ఇద్దరు ముగ్గురిని పక్కన చేర్చవలెను. చివరగా ఆ మాటతో మన ఇంటి సంగతి ఒకటి సొంత వాక్యంగా కూర్చవలెను.

నేర్చినదానిని మనసు ఎంత వేగంగా జారవిడుస్తుందో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే ప్రయోగపూర్వకంగా చూపినాడు. ఎడం పాటించి తిరిగి చదవడమే అందుకు విరుగుడు. మరునాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి ఆ మాటలను పలకరించవలెను. రాత్రి భోజనాల వేళ తండ్రి పిల్లలను, పిల్లలు తల్లిని, తల్లి తండ్రిని వరుస తప్పించి అడగవచ్చును. ఆరవ రాయిని దాటించి అయిదవ రాయిని చూపిన తండ్రి చేసినది అదే.

1992 అక్టోబరు 10న హౌరాను కలకత్తాతో కలుపుతూ ప్రారంభమైన రెండవ వంతెనకు విద్యాసాగరుల పేరు పెట్టినారు. ఒకనాడు ఆయన కాలినడకన వచ్చిన దూరాన్ని నేడు మన పిల్లలు బస్సులో కిటికీ పక్కన కూర్చొని దాటుతున్నారు. బాట పొడుగునా బోర్డులు ఉన్నవి, వాటి మీద మాటలు ఉన్నవి. ఇదేమిటని పిల్లవాడు అడిగినప్పుడు విసుగుకొనక, తెలిస్తే చెప్పి, తెలియకపోతే ఇద్దరూ కలసి నిఘంటువు తెరవవలెనని మా ఉద్యోగ సోదరులకు, సోదరీమణులకు మనవి చేస్తున్నాము.