ప్రధానానికి ముందు అడగవలసిన మాట

శ్రమదినాలు ముగిసి ఈస్టరు దాటితే మన సంఘాల్లో పెళ్ళి మాటలు జోరందుకుంటాయి. పటమట మొదలు కంకిపాడు, ఉయ్యూరు దాకా కాపరులకు తీరిక ఉండదు. ఈ సందర్భంగా మనం రోజూ వాడే కొన్ని పెళ్ళిమాటల అర్థాన్ని వాక్యపు వెలుగులో చూద్దాం.

మొదటిది పెళ్ళిచూపులు. పూర్వం మధ్యవర్తి సంబంధం తెచ్చేవాడు. ఇప్పుడు వాట్సాప్‌లో బయోడేటా వస్తోంది. పద్ధతి మారినా, చాలా ఇళ్ళలో పిల్ల కాఫీ అందించి, నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పి లోపలికి వెళ్ళిపోవడమే జరుగుతోంది. దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికానర్ రైతు కుటుంబాల్లో పూర్వం ‘ఓప్‌సిట్‌కేర్స్’ అనే ఆచారం ఉండేది. అంటే కూర్చునే కొవ్వొత్తి. అది వెలిగినంతసేపు అబ్బాయి, అమ్మాయి కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఆరిపోతే అబ్బాయి లేచి వెళ్ళాలి. హద్దు పెట్టింది పెద్దలే, మాట్లాడుకునే సమయం ఇచ్చిందీ పెద్దలే. మన పెళ్ళిచూపుల్లో హద్దు ఉంది గాని, సమయమేది?

రెండవది ఓలి. ఈ మాట ఊళ్ళలో దాదాపు మరుగున పడింది గాని మన బైబిలులో నిలిచి ఉంది (నిర్గమ. 22). మగపెళ్ళివారు పిల్ల తండ్రికి ఇచ్చే సొమ్మే ఓలి. ఒకప్పుడు తెలుగునాట ఎన్నో కష్టజీవుల కుటుంబాల్లో ఈ ఆచారమే ఉండేది. యాకోబు మేనమామ కూతురు రాహేలు కోసం ఏడేళ్ళు కొలువు చేశాడు. మన మాటల్లో చెప్పాలంటే మేనరికం, ఓలి రెండూ అక్కడ ఉన్నాయి. అయితే ఓలి కూడా నిర్దోషమైనది కాదు. తండ్రి తమను అమ్మివేశాడని రాహేలు, లేయా బాధపడ్డారు (ఆది. 31).

ఇప్పుడు సొమ్ము దారి మళ్ళింది. కట్నం, ఆడపడుచు లాంఛనాలు, పసుపు కుంకుమ కింద ఎకరం పొలం. పేర్లు ఎన్నైనా భారం పిల్ల తండ్రిదే. కూతురికి ప్రేమతో ఇచ్చేది వేరు, అడిగి పుచ్చుకునేది వేరు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం, అడగడం అన్నీ నేరాలే. ప్రార్థనతో మొదలుపెట్టిన సంబంధాన్ని బేరంతో ముగించడం విశ్వాసులకు తగదు.

మూడవది ప్రధానం. నిశ్చితార్థం, తాంబూలాలు అని ఇతరులు పిలిచేదాన్ని మనం ప్రధానం అంటాం. మరియ యోసేపుకు ప్రధానం చేయబడిందని మత్తయి రాశాడు. ఆనాటి యూదులలో అది పెళ్ళి అంత బలమైన కట్టు. అందుకే యోసేపు ఆమెను రహస్యంగా విడనాడాలని ఆలోచించవలసి వచ్చింది. సంఘం ఎదుట ఉంగరం తొడిగి, కారు దగ్గరో బంగారం దగ్గరో మాట తేడా వచ్చిందని తెంచుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మాట పోయేది రెండు ఇళ్ళదైనా, నింద మిగిలేది పిల్లకే.

ఇక అన్నిటికంటే ముందు రావలసిన మాట ఒకటుంది. ఇస్సాకు కోసం అబ్రాహాము దాసుడు సంబంధం వెతుకుతూ వెళ్ళాడు. పెద్దలు ఒప్పుకున్నారు, కానుకలు ఇచ్చారు. అయినా ప్రయాణానికి ముందు రిబ్కాను పిలిచి, ‘ఈ మనుష్యునితో వెళ్తావా?’ అని అడిగారు. వెళ్తానని ఆమె చెప్పాకే పంపారు (ఆది. 24). అంత పాతకాలపు ఇంట్లోనే ఆ ప్రశ్న అడిగారు.

మన సంఘాల్లో పెళ్ళికి ముందు ప్రకటనలు చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమంటాం. పెళ్ళినాడు పిల్లను, పిల్లవాణ్ణి సమ్మతి అడుగుతాం. కాని భోజనాలు సిద్ధమై, బంధువులంతా కూర్చున్నాక ఏ పిల్ల కాదనగలదు? కనుక కాపరులారా, ప్రధానానికి తేదీ ఇచ్చేముందే ఇద్దరినీ విడివిడిగా పిలిచి అడగండి. తల్లిదండ్రులారా, మీ బిడ్డ మౌనాన్ని సమ్మతిగా లెక్కించకండి. నోరు తెరిచి చెప్పేదాకా ఆగండి. కాదంటే ఆ మాటను గౌరవించండి.