పప్పుకి అన్నం, అన్నానికి పప్పు

ఇలా వచ్చి కూచో అమ్మడూ. మాంసం, గుడ్డు ముట్టనివాళ్లకి ప్రోటీన్ ఎలా వస్తుంది తాతయ్యా అని పొద్దుట అడిగావు కదా, తీరిగ్గా చెబుతాను.

తిన్న ప్రోటీన్ తిన్నట్టే కండలోకి చేరదు. పొట్టలోనూ చిన్న పేగులోనూ అరిగి అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. అవి 20 రకాలు. వాటిలో తొమ్మిదింటిని పెద్దవాళ్ల ఒళ్లు సొంతంగా చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. వెనకటి అచ్చాఫీసుల్లో సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేజీ కూర్చేవారు. అన్ని గళ్లూ నిండుగా ఉన్నా ఒక్క అక్షరం నిండుకుంటే చాలు, పని ఆగిపోయేది. ఒంట్లో ప్రోటీన్ కూర్పూ అంతే.

బియ్యంలో, గోధుమల్లో లైసీన్ అనే ఆమ్లం తక్కువ. కంది, పెసర, మినుము, శనగల్లో అది దండిగా ఉంటుంది. వాటికి కొరత మెథియొనీన్. ఆ లోటు బియ్యం పూడుస్తుంది, నువ్వులైతే మరీను. పప్పన్నం, పులగం, ఇడ్లీ, ఉప్మా పెసరట్టు అన్నీ ఈ లెక్కకి అతికినట్టు సరిపోతాయి. రెండూ ఒకే ముద్దలో పడాలన్న పట్టింపేం లేదు, రోజు మొత్తమ్మీద పడితే చాలు.

ఇక ఎంత కావాలంటావా? మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. గర్భిణులకీ బాలింతలకీ ఇంకాస్త ఎక్కువ. 60 కిలోల మనిషికి 50 గ్రాములనుకో. పావుకిలో బియ్యంలో దాదాపు 20, 75 గ్రాముల కందిపప్పులో 16, పావు లీటరు పాలలో 8, గుప్పెడు వేరుశనగ గుళ్లలో 6. లెక్క తేలిపోయిందిగా! పాలూ పెరుగూ కూడా మానేసినవాళ్లకి 25 గ్రాముల మీల్ మేకర్ ఆ లోటు తీర్చి పైన కాస్త మిగులుస్తుంది. బి12 విటమిన్ మాత్రం మొక్కల్లో దొరకదు. దానికి డాక్టర్ని అడిగి మాత్ర వేసుకోవాల్సిందే.

మరి తిరకాసు ఎక్కడుందంటే, గరిటెలో. నలుగురికి చారెడు పప్పు వేసి, చింతపండు పిసికి, చెంబుడు నీళ్లు పోసి మరిగిస్తాం. పప్పుతో తిన్నామనుకుంటాం గానీ కడుపులోకి వెళ్లింది పులుసే. పైగా దానికి తోడు అన్నం గుట్ట. మూడు వంతుల ధాన్యానికి ఒక వంతు పప్పు ఉండాలంటారు పోషకాహార శాస్త్రజ్ఞులు.

కాబట్టి రేపట్నించి మీ అమ్మని బియ్యం కొలిచే డబ్బాతోనే పప్పూ కొలవమను. మూడు డబ్బాలకి ఒక డబ్బా. కందిపప్పు ధర తెలుసా అని కేకలేస్తే తాతయ్య చెప్పాడని నా మీదకి తోసెయ్యి. నా పెన్షన్‌లోంచి ఇస్తాను.