దొరసానుల నవ్వులు

ప్రవాసమంత దుర్భరమైనది మఱియొకటి లేదని మన కావ్యములు చెప్పుచున్నవి. రామగిరిపై నొక యేడు గడుపవలసివచ్చిన యక్షుడు మేఘమును పట్టుకొని బ్రతిమాలెను. విరాటుని కొలువున పాండవులు మాఱుపేళ్లతో వంటలు చేయుచు, నాట్యము నేర్పుచు దినములు లెక్కించుకొనిరి. అయినను ప్రవాసికి కన్నీరొక్కటియే తోడు కాదు. తనవారికి దూరమైనవాడు నవ్వుటకును నేర్చుకొనును. నవ్వు లేనిచో వానికి దినము గడవదు.

1639లో మదరాసు తీరమున కోటకు చోటు సంపాదించిన నాటినుండి 1947 వఱకు, మూడువందల యేండ్లకు పైగా బ్రిటిషువారు మన దేశమున కాపురములు చేసిరి. వారు చేసిన యుద్ధములును, వసూలు చేసిన పన్నులును చరిత్ర పుస్తకములలో నున్నవి. భోజనపు బల్లయొద్దను, వసారాలోను, క్లబ్బులోను వారు తమలో తాము చెప్పుకొని నవ్వుకొనిన మాటలేవి? ఆ నవ్వుల వెనుక నేమున్నది? గృహిణులమైన మనము విచారింపదగిన విషయమిదియని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నాకీ యాసక్తి కలిగించినది పందికొక్కు! ఒకనాడు మావారు పిల్లల పరీక్ష కాగితములు దిద్దుచు, ‘బాండికూట్’ అనునది ఆస్ట్రేలియా జంతువని యొక బాలుడు వ్రాసినది చూచి నవ్విరి. తప్పు వ్రాసెనా యని యడిగితిని. “తప్పు కాదు. కాని ఆ పేరు మన గాదెల క్రిందనుండి పోయినదే సుమా” యని చెప్పి, యూల్, బర్నెల్ అను నిద్దఱు పండితులు కూర్చి 1886లో ప్రకటించిన ‘హాబ్సన్ జాబ్సన్’ అను నిఘంటువును నా చేతికిచ్చిరి. మన పందికొక్కే దొరల నోట బాండికూట్ అయి, సముద్రము దాటి, అచ్చటి వేఱొక జంతువునకు పేరైనది. ఆ నిఘంటువు పేరే యొక పరిహాసము. మొహఱ్ఱము ఊరేగింపులలో “యా హసన్! యా హుస్సేన్!” అని గుండెలు బాదుకొను కేకలు తెల్లసిపాయిల చెవులకు ‘హాబ్సన్ జాబ్సన్’ అని వినబడెనట. ఒకరి విలాపము మఱియొకరి చెవికి వేళాకోళమైనది. సోదరీమణులు ఈ మాట జ్ఞప్తియందుంచుకొనవలెను.

వారు మొదట తమ్ము తామే యెగతాళి చేసికొనెడివారు. బొంబాయి రాజధానిలోని దొరలకు ‘డక్కు’లు, అనగా బాతులు, అని పేరు. అచ్చట ఎండబెట్టి తిను ‘బొంబాయి బాతు’ అను చేపను బట్టి ఆ పేరు వచ్చెను. బంగాళములోని వారు ‘కోయీ హై’లు. ఎవరురా అచ్చట అని నౌకరును కేకవేయుటకంటె వారికి వేఱు పని లేదని యెత్తిపొడుపు. మన మదరాసువారికి ‘మల్లు’లని పేరు. అరవమున ‘మిళగు తణ్ణీర్’ అనగా మిరియపు నీరు. అదియే దొరల బల్లపై ‘మల్లిగటానీ’ అను పేర వెలసెను. మల్లు దానికి ముద్దుపేరు. మనము జలుబు చేసినప్పుడు కాచుకొను మిరియాల చారు ఒక రాజధాని దొరలందఱకు బిరుదమైనదన్నమాట!

క్రొత్తగా ఓడ దిగినవానిని ‘గ్రిఫిన్’ అనెడివారు. ఏడాది నిండువఱకు వానికా పేరు తప్పదు. ఇట్టి హేళనలోనుండియే యొక ఆటకు పేరు పుట్టినది. 1875లో జబల్పూరున సైనికోద్యోగులు బిలియర్డ్సు బల్లపై క్రొత్త యాట నొకదానిని కల్పించుకొని యాడుచుండిరి. ఒకడు సుళువైన గోళమును గుంటలో వేయలేకపోగా, నెవిల్ చేంబర్లేన్ అను యువకుడు వానిని ‘స్నూకర్’ అని వెక్కిరించెను. అది సీమలోని సైనిక పాఠశాలలో మొదటియేటి బాలుని కిచ్చు హేళన పేరు. పిమ్మట, ఈ యాటయందు మనమందఱమును స్నూకర్లమే గదా యని సర్దిచెప్పెనట. నేడు ప్రపంచమంతట ఆ యాటకు అదియే పేరు.

ఇంక వారి దినచర్య. తెల్లవాఱక మునుపే ‘ఛోటా హాజరీ’, అనగా తేనీరును రొట్టెముక్కయు. ఎండ ముదురకముందే గుఱ్ఱపుస్వారి. మధ్యాహ్నము టిఫిను. సాయంకాలము క్లబ్బు. ఇందు మిక్కిలి నవ్వు పుట్టించునది దర్శనముల తంతు. ఊరికి క్రొత్తగా వచ్చినవారే పాతకాపుల యిండ్లకు పోయి తమ పేరు చీటీల నిచ్చి రావలెను. అందులకు వారు ఏర్పఱచుకొనిన వేళ మిట్టమధ్యాహ్నము! మనవారు కుక్కలను సహితము నీడన కట్టివేయు సమయమున దొరలు బిగువైన దుస్తులు తొడిగి బయలుదేఱెడివారు. ఇంటి దొరసానికి వారిని చూచు నోపిక లేక, ‘ఇంటలేరు’ అని వ్రాసిన రేకుపెట్టె నొకదానిని గుమ్మమున వ్రేలాడదీయించెడిది. ఆమె లోపలనే యున్నదని అందఱకును తెలియును. అయినను చీటి పెట్టెలో వేసి, మర్యాద తీర్చుకొని, సంతోషముతో మరలిపోయెడివారు. ఇరుపక్షములకును ఉపకారము చేయు ఇంత చక్కని యబద్ధమును మన పేరంటములలో నెవరును కనిపెట్టరైరి.

భోజనమున కూర్చుండుట మఱియొక శాస్త్రము. ఎవరి భర్త యుద్యోగ మెంతటిదో ఆమె పీఠ మంతటిది. అధికారుల వరుసను నిర్ణయించు పట్టిక యుండెడిది. దానిననుసరించి, పదిమంది కలసిన విందున ప్రతి రాత్రియు ఒకే పురుషుని ప్రక్క ఒకే స్త్రీ కూర్చుండవలసివచ్చెడిది. ఇట్టి చిన్న ఊళ్ల బ్రతుకును కాప్టెన్ అట్కిన్సన్ అనునాయన 1859లో ‘కూర, అన్నము’ అను పేర నలువది బొమ్మల పుస్తకముగా వెలువరించెను. ఇంగ్లీషున బొమ్మ పుటకును భోజనపు పళ్లెమునకును ఒకే మాట యగుటచే, నలువది పళ్లెములలో వడ్డించిన కూరయు అన్నమును అని శ్లేష. అందు జడ్జీ, డాక్టరు, పెండ్లికాని కన్య, అందఱును నవ్వులపాలైరి. వ్రాసినవాడు వారిలో నొకడే యగుటచే నెవరును కోపగింపలేరైరి.

పెండ్లికాని కన్య యంటిని. ఇచ్చటినుండి నవ్వు కొంచెము చేదగును. ఏటేట చలికాలమునకు ముందు వరులను వెదకుకొనుచు సీమనుండి కన్యలు ఓడలలో వచ్చెడివారు. వారికి ‘చేపలు పట్టు ఓడల దండు’ అని పేరు. వసంతమునాటికి సంబంధము కుదురక మరలిపోవువారిని ‘తిరిగి పంపిన ఖాళీ డబ్బాలు’ అనెడివారు. ఈ మాట వినబడిన కన్య ఓడపై నెట్లు నిద్రించినదో! పురుషుల క్లబ్బులలో స్త్రీలకు వేఱుగా నొక గది యుండినచోట దానిని ‘ముర్గీఖానా’, అనగా కోళ్లగూడు, అని పిలిచెడివారు. ఎగతాళి మనవారి సొత్తే యనుకొంటిమి. స్త్రీలను గూర్చిన ఎగతాళికి దేశభేదము లేదు కాబోలు.

ఇంతకంటె లోతైన దుఃఖ మొకటి కలదు. బిడ్డ పుట్టిన నాటినుండి తల్లి మనసున నొక గడియారము మ్రోగుచుండెడిది. అయిదాఱేండ్లు నిండగానే బిడ్డను సీమకు పంపవలెను. ఇచ్చటి జ్వరములకు భయము, చదువునకై ఆశ, ఆయా నేర్పిన హిందుస్తానీయే మాతృభాష యగుచున్నదను దిగులు, అన్నియు కారణములే. 1869లో సూయజు కాలువ తెఱవబడుటకు ముందు ఆఫ్రికాను చుట్టి పోవువారికి ఆ ప్రయాణము నెలల తరబడి సాగెడిది. భర్తను విడిచి బిడ్డతో పోవుటయా, బిడ్డను విడిచి భర్తతో నుండుటయా యనునదే ప్రతి దొరసానికి ప్రశ్న. కథకుడు కిప్లింగును తల్లిదండ్రులు 1871లో, ఆఱేండ్లయినను నిండకముందే, చిన్ననాటి చెల్లెలితో కూడ సీమలో పరాయివారి యింట విడిచి వచ్చిరి. తల్లి మరల వారిని చూచినది 1877లో. ఆ యింటి కష్టములను ఆయన తరువాత నొక కథగా వ్రాసెను. క్లబ్బులో బిగ్గరగా నవ్వుచున్న దొరసాని మేజాపై సీమనుండి వచ్చిన వంకర అక్షరముల జాబొకటి యుండునని మనము తలపోయవలెను.

ఇంతవఱకు వారియందు మనకు జాలి కలుగుటయే న్యాయము. కాని ఆ బల్లచుట్టు నవ్వుచున్నవారి వెనుక మఱికొందఱు నిలిచియుండిరి. వడ్డించు బట్లరు, పంకా త్రాడు లాగువాడు, గుమ్మము ప్రక్క ఆయా. వారి నడకయు, వారి ఇంగ్లీషును దొరల గోష్ఠికి కొదువలేని సరుకు. నౌకరుల హాస్యమే వస్తువుగా పుస్తకములు వెలువడినవి. అట్టి దొరసానులలో పెక్కండ్రకు వచ్చిన దేశభాష, తెమ్ము, పొమ్ము, ఉంచుము అను విధ్యర్థక క్రియలతోనే ముగిసెడిది. వంటవాని ఇంగ్లీషు విని నవ్విన ఆమె హిందుస్తానీ ఆ వంటవాని చెవికెట్లుండెనో నేను చదివిన యే పుస్తకమునను కనబడలేదు. పల్లకి మోయు మన బోయీలను కూడ వారు ‘బాయ్’ అనెడివారు. బోయి యను మాటయు, పిల్లవాడను నర్థముగల ఇంగ్లీషు మాటయు ఒకే ధ్వనిగా కలిసిపోయెను. నెరసిన తలగల బోయీ తాను పిల్లవాడెప్పుడైనాడో యెఱుగడు.

అందఱు నట్లే యుండిరనుట అన్యాయము. పంజాబున ఇరువదేండ్లు కాపురము చేసిన ఫ్లోరా అనీ స్టీల్ 1888లో స్నేహితురాలు గ్రేస్ గార్డినరుతో కలసి గృహనిర్వాహణ గ్రంథము నొకటి ప్రకటించెను. అందు నౌకరులను పసిపిల్లలవలె చూచిన మాట నిజమే. కాని యిల్లాలు మొట్టమొదట దేశభాష నేర్చుకొనవలెనని ఆమె గట్టిగా చెప్పినది. భాష నేర్చినది కనుకనే పంజాబు పల్లెలలోని కథలను విని వ్రాసి యుంచగలిగినది.

మన గోదావరి తీరముననే మఱియొక దొరసాని యుండెను. జూలియా షార్లట్ అను నామె, ఇంగ్లండున ప్రసిద్ధిచెందిన నవలారచయిత్రి ఫానీ బర్నీ వంశములోనిది. 1836లో భర్త జేమ్సు థామసుతో మదరాసు వచ్చెను. ఆయనకు రాజమహేంద్రవరమున జడ్జీ పని యయ్యెను. ఆమె యింటికి వ్రాసిన జాబులు 1843లో ‘మదరాసునుండి లేఖలు’ అని, పేరు లేకుండ, ఒక స్త్రీ వ్రాసినవిగా అచ్చయినవి. ఆమె నవ్వు పదునైనది. సివిలు ఉద్యోగుల భార్యలు గొంతు పెగలనట్లు గవర్నరును గూర్చియు టపాను గూర్చియు మాటలాడుదురనియు, వారిలో ప్రతియొకతెకును సీమలో చదువుకొను పదుమూడేండ్ల కూతురు తప్పక యుండుననియు, సైనికుల భార్యలు అడుగుపెట్టినది మొదలు వాగుచు ముంగురులు త్రిప్పుకొందురనియు వ్రాసెను. ఈ దేశమును గూర్చి, ఇచ్చటివారిని గూర్చి ఏమి తెలిసికొంటివని ఒక దొరసాని నడుగగా, దేవుని దయవలన ఏమియు తెలియదు, తెలియకుండుటయే మేలని ఆమె బదులు చెప్పెనట. జూలియా ఆ బదులును దాచక యథాతథముగా జాబులో కెక్కించినది.

ఆమెయు మనలను చూచి నవ్వకపోలేదు. మన మతమును మిషనరీ కంటితోనే చూచినది. కాని నవ్వి ఊరకుండలేదు. భర్తయు తానును కలసి రాజమహేంద్రవరమున మన పిల్లల కొఱకు బడి పెట్టించిరి. తుదకు ఆమెయు బిడ్డలను తీసికొని సీమకు మరలిపోయెను. ఇచ్చటనే నిలిచిన భర్త 1840లో మరణించెను. సీమలోని కూతుళ్లను గూర్చి మాటలాడు తల్లులను చూచి నవ్విన ఆమెకు, ఆ మాటలలోని బరువు అప్పుడు తెలిసియుండును.

భరతముని నవ్వును ఆఱు తెఱగులుగా విభజించెను. స్మితము, హసితము ఉత్తములవి. విహసితము, ఉపహసితము మధ్యములవి. అపహసితము, అతిహసితము అధములవి. పెదవి యెంత విచ్చుకొనెను, ధ్వని యెంత పైకెగసెను అనుదానిని బట్టి ఆయన యీ భేదము చూపెను. ఈ దొరసానుల కథలు చదివిన పిమ్మట నాకు వేఱొక కొలత తోచుచున్నది. ఆ నవ్వు విన్నవారిలో తిరిగి నవ్వుటకు స్వేచ్ఛ యెవరికి కలదు? మల్లు డక్కును వెక్కిరించెను, డక్కు మల్లును వెక్కిరించెను. అది సరసము. పంకా లాగువాడు నవ్వినచో వానికి కూడు పోవును. అచ్చట అదే మాట సరసము కాదు.

నేడు మన బిడ్డలే పరదేశములలో కాపురములున్నారు. అచ్చటివారి యుచ్చారణను, వంటను, ఆచారములను గూర్చి తమాషాగా మాటలాడుచుందురు. మనమును విని నవ్వుదుము. ఆ నవ్వే వారికి దినము గడపును. నవ్వవలదని యెవరందురు? కాని యీమాఱు వారు మాటలాడునప్పుడు, “అమ్మా, అచ్చటివారి భాష నేర్చుకొంటివా? వారు మిమ్ము చూచి ఏమని నవ్వుకొందురో యెన్నడైన అడిగితివా?” యని ప్రశ్నింపుడు. ఆ ప్రశ్నకు బిడ్డ నవ్వుచు బదులు చెప్పగలిగినయెడల, ఆ కాపురమునకు మనము దిగులు పడవలసిన పని లేదు.